గుడి జారిన మట్టి

పాలగిన్నె మాడు సగం ఊడింది, సగం మొండికేసింది. పెరటి కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని స్టీలుపీచుతో గీకుతున్నాను. మా పిన్నికి పాలు పొయ్యి మీద పెట్టడం బాగా వచ్చు, దించడమే గుర్తుండదు. నా వెనక నాన్నమ్మ చిన్న బకెట్ పట్టుకుని నిలబడింది, గిన్నె కడిగిన మొదటి నీళ్ల కోసం.

“సబ్బు వేస్తున్నావా ఏంటే బుజ్జమ్మా? వెయ్యకు. నా గోతికి సబ్బు పడదు.”

“గోతికి పథ్యం కూడానా!” అన్నాడు బాబాయ్. రాత్రి కురిసిన వానని స్కూటర్ సీటులోంచి గుడ్డలోకి, గుడ్డలోంచి నేల మీదికి పిండుతున్నాడు. “కన్నకొడుకు తడిసిన సీటు మీద కూర్చుని కొట్టుకి వెళ్లొచ్చు. గోతికి మాత్రం జలుబు చెయ్యకూడదు.”

బాబాయ్ రంగుల కొట్టులో రంగులు కలుపుతాడు. గోళ్లలో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఇరుక్కుని ఉంటుంది. ఆ గోళ్లు చూసి పిన్ని ఆ రోజు ఎవరింటి గోడలకి ఏ రంగు పడిందో చెప్పేస్తుంది. స్కూటర్‌కి ఒక రేకుల షెడ్డు వెయ్యాలని ఆయన కోరిక. పెరట్లో షెడ్డు పట్టే మూల ఒక్కటే ఉంది. ఆ మూలలోనే నాన్నమ్మ గొయ్యి ఉంది.

గొయ్యి మోకాలి లోతు, మంచమంత పొడవు. కూరగాయల తొక్కలు, టీ పిప్పి, గుడ్డుపెంకులు, వీధిలో ఊడ్చిన ఆకులు అన్నీ అందులోకే వెళ్తాయి. నాన్నమ్మ వాటి మీద పల్చగా మట్టి కప్పుతుంది, కర్రతో తిరగేస్తుంది, మధ్యమధ్యలో దానితో కబుర్లు చెబుతుంది. తిరగేసినప్పుడు ఆవిరి లేస్తే “చూశావా, ఊపిరి తీస్తోంది” అని మురిసిపోతుంది. ఊళ్లోంచి బాబాయ్ ఇంటికి వచ్చేసిన దగ్గర్నుంచి ఆవిడకి ఇదే పొలం, ఇదే పశువు. నేను ఉద్యోగం కోసం ఈ ఇంటికి చేరేసరికే ఆ గోతికి ఇంట్లో మనిషంత మర్యాద ఉంది.

“నీ గొయ్యి వల్ల వచ్చేది వాసన ఒక్కటే అమ్మా,” అన్నాడు బాబాయ్.

“వాసన నీ ముక్కుకి వస్తుంది. మిగతాది నా చిక్కుళ్లకి వెళ్తుంది.”

“ఏం వెళ్తుంది? చిక్కుళ్లు నీకు చెప్పాయా?”

“నీ గులాబీలు చెప్పాయేంట్రా? ఆ ఎరువుల బస్తాలోంచి గుళికలు తీసి పొద్దున్నా సాయంత్రం చంటిపిల్లకి పెట్టినట్టు పెడుతున్నావు!”

“అది భాస్వరం! బస్తా మీద ఇంతింత అక్షరాలతో రాసుంది. నీ తొక్కల మీద ఏం రాసుంది?”

నవ్వు ఆపుకోలేక గిన్నెలోకి తల దూర్చాను. గిన్నె ఖాళీది కదా, నవ్వు నాలుగింతలై బయటికొచ్చింది. బాబాయ్ చూపు నా మీద పడింది.

“మౌనదేవి నవ్వుతోందే! నువ్వు చేసేది మట్టి పరీక్షలే కదమ్మా. చెప్పు. ఆ గోతిలోంచి మట్టిలోకి ఏమైనా పోతుందా?”

నేను మాట్లాడటం తక్కువ. ఆ పేరు అందుకే పెట్టాడు. కానీ పని గురించి అడిగితే నాకు నోరు బాగానే పెగులుతుంది.

“కొలిస్తే తెలుస్తుంది బాబాయ్. మట్టిలో భాస్వరం రెండు రకాలుగా ఉంటుంది. రాళ్లు అరిగి వచ్చేది, బస్తాలోంచి వచ్చేది ఒక రకం. ఆకులు, వేళ్లు కుళ్లి వచ్చేది ఇంకో రకం. దాన్ని సేంద్రియ భాస్వరం అంటారు. రెండూ విడివిడిగా ఎంతెంతో చెప్పొచ్చు.”

“ఆ రెండోది నాదే!” అంది నాన్నమ్మ, తప్పిపోయిన వస్తువు దొరికినట్టు. బకెట్ కింద పెట్టేసింది కూడా.

బాబాయ్ గుడ్డని భుజం మీద వేసుకున్నాడు. పందేనికి సిద్ధమైనప్పుడు ఆయన అలాగే చేస్తాడు.

“సరే. నా గులాబీ మడిలో నేను ఒక్క ఆకు కూడా వెయ్యలేదు. నీ చిక్కుడు మడిలో గోతి ఎరువు తప్ప ఇంకేం పడలేదు. ఆ సేంద్రియమేదో నా మడిలో కంటే నీ మడిలో ఎక్కువుంటే గోతి జోలికి రాను. లేకపోతే ఆదివారం గొయ్యి పూడ్చేస్తాం, షెడ్డు లేపుతాం.”

“జోలికి రాకపోవడం ఏం గొప్ప? నేను గెలిస్తే రోజూ పొద్దున్నే ఆ స్కూటర్ మీద కూరగాయల బజారుకెళ్లి బకెట్ నిండా తొక్కలు తేవాలి నువ్వు.”

“ఒకటేం ఖర్మ, రెండు బకెట్లు తెస్తా!”

“ఏమండీ,” వంటింటి కిటికీలోంచి పిన్ని గొంతు వచ్చింది, “ఎలాగూ బజారుకి వెళ్తారు కాబట్టి తొక్కలతో పాటు లోపలి కాయలు కూడా తెండి.”

“నువ్వే సాక్షివి అమ్మాయ్, విన్నావుగా?” అంది నాన్నమ్మ.

“విన్నాను అత్తయ్యా, విన్నాను,” అంటూ పిన్ని కిటికీ దగ్గరే నిలబడిపోయింది. ఆవిడ వెనక రెండో గిన్నెలో పాలు మాడిన వాసన మొదలైంది.

ఆ సాయంత్రం మట్టి తీశాను. మడిలో ఒకచోట తీస్తే చాలదు. అటొకటి ఇటొకటి చిన్న చిన్న గుంటలు తవ్వి, అన్నీ కలిపి, అందులోంచి పిడికెడు తీసుకోవాలి. నేను గుంట తవ్వుతుంటే ఇద్దరూ చెరోపక్క కాపలా నిలబడ్డారు.

“అమ్మ చేతులు చూడు,” అన్నాడు బాబాయ్. “పిడికిట్లో టీ పిప్పి ఉంటుంది. ఎప్పుడు విదిలిస్తుందో తెలీదు.”

“ముందు నీ జేబులు చూపించరా.”

చూపించాడు. రెండు గుళికలు దొరికాయి. “అవి కుట్టులో ఇరుక్కున్నవి!” అని అరిచాడు. కానీ నాన్నమ్మ అప్పటికే అవి అరచేతిలో పెట్టుకుని పిన్నికి చూపించడానికి వెళ్లిపోయింది.

రెండు మడుల మట్టినీ నీడలో కాగితాల మీద ఆరబెట్టాను. ఆరాక చెక్కతో మెత్తగా నలిపి జల్లెడ పట్టాను. గులాబీ మడి మట్టి గోధుమరంగులో ఉంది. చిక్కుడు మడి మట్టి నల్లగా, పొడిపొడిగా, ఎంత బాగుందంటే పిన్ని చెంచా పట్టుకుని వచ్చి “టీపొడి కాగితం మీద పోశారేంటి?” అంది. డబ్బా తీసుకురావడానికి ఆవిడ లోపలికి వెళ్లగానే మట్టిని నా సంచిలో దాచేశాను.

ఈ పరీక్ష నన్నే చెయ్యనివ్వమని మా ల్యాబ్‌లో పెద్ద మేడంని అడిగాను. నేను చేరిన దగ్గర్నుంచి మట్టి నలపడం, జల్లించడం, తూకం వెయ్యడం తప్ప మొదటి నుంచి చివరి దాకా ఒక పరీక్ష నా చేతుల మీద నడవలేదు. మేడం కళ్లద్దాల మీంచి చూసి, “నాన్నమ్మకీ బాబాయ్‌కీ పందెమా? అయితే పొరపాటు జరిగితే ఇంట్లోనే తన్నులు. అంతకంటే మంచి అభ్యాసం ఏముంది? చేసుకో,” అంది.

పరీక్ష చెప్పడానికి తేలిక. ఒక్కో మట్టిని రెండు భాగాలు చెయ్యాలి. ఒక భాగాన్ని కొలిమిలో పెట్టి కాల్చాలి. కాలిస్తే ఆకుల్లోంచి, వేళ్లలోంచి వచ్చి మట్టిలో దాక్కున్న భాస్వరం అంతా కట్టు తెంచుకుంటుంది. రెండో భాగాన్ని కాల్చకూడదు. తర్వాత రెండింటినీ పల్చటి యాసిడ్‌లో వేసి రాత్రంతా ఊపే యంత్రం మీద ఊపాలి. పొద్దున్న వడకట్టి, ఆ తేటలో మందు కలిపితే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. కాల్చినదాంట్లో ఉన్న మొత్తంలోంచి కాల్చనిదాంట్లో ఉన్నది తీసేస్తే మిగిలేది సేంద్రియం. అదే నాన్నమ్మది.

సీసాలు కడగడంలోనే జాగ్రత్త పడాలి. కొన్ని సబ్బుపొడుల్లో భాస్వరం ఉంటుంది. అది అంటుకుంటే ఉత్త నీళ్లు కూడా నీలంగా మారి నవ్వుతాయి. అందుకని మా సీసాలకి యాసిడ్ స్నానమే. వాటికీ సబ్బు పడదు. ఆ మాట నాన్నమ్మకి చెప్పాలనుకుంటూ నాలో నేనే నవ్వుకున్నాను.

కొలిమి దగ్గర ఉండేది అగ్గిమామ. అది కరెంటు కొలిమే, చూడ్డానికి ఇనప్పెట్టెలా ఉంటుంది. దాని తలుపు తీసి తీసి ఆయన కనుబొమలు ఎప్పుడూ పూర్తిగా మొలవవు. అందుకే ఎప్పుడు చూసినా ఏదో విని ఆశ్చర్యపోతున్నట్టుంటాడు. తెల్లటి ప్లాస్టిక్ సీసాలు నాలుగు తీసుకుని, చీటీలు రాసి అంటించి, మట్టి పొట్లాలతో సహా ఆయనకి ఇచ్చాను. ఆయన సీసాలు ఒక్కొక్కటే దూరంగా పట్టుకుని చీటీలు పైకి చదివాడు.

“నాన్నమ్మ, కాల్చిన. నాన్నమ్మ, కాల్చని. బాబాయ్, కాల్చిన. బాబాయ్, కాల్చని... అమ్మాయ్, ఇది మట్టి పరీక్షా, పోలీసు కేసా?”

ల్యాబ్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుల్లో ఆయన ఏ సీసా చూసి ఏ మాట చదివాడో నేను చూడలేదు.

ఆ సాయంత్రం అగ్గిమామే మట్టి కాల్చి, చల్లార్చి, సీసాల్లో పోసి, యాసిడ్ కలిపి, ఊపే యంత్రం మీద పెట్టాడు. పొద్దున్న వడకట్టింది కూడా ఆయనే. నేను పక్క గదిలో నీలం మందు కలుపుతున్నాను. ఆ మందు ఏ రోజుది ఆ రోజే కలపాలి. మధ్యాహ్నానికి నా ముందు నాలుగు గాజు గొట్టాల్లో తేటలున్నాయి. నాలుగూ నీళ్లలాగే ఉన్నాయి. మందు వేసి చూస్తూ కూర్చున్నాను.

నీలం ఒక్కసారిగా రాదు. ముందు ఏమీ ఉండదు. తర్వాత, కళ్లు అలిసిపోయి అలా కనిపిస్తోందేమో అన్నంత పల్చగా వస్తుంది. ఆ తర్వాత ఇక ఆగదు. నాలుగు గొట్టాలూ ఒకదాన్ని చూసి ఒకటి పోటీపడి నీలమెక్కుతుంటే నాకు లేచి గంతులెయ్యాలనిపించింది. కాళ్లు బల్లకింద వేశాయి కూడా.

“ఇది ఆకాశం. ఇది నెమలి మెడ. ఇది బడిపిల్లల సిరా!” వెనకనుంచి గొంతు వినిపించింది. కొట్టుకి సగం రోజు సెలవు పెట్టి, నన్ను తీసుకెళ్లే నెపంతో బాబాయ్ దిగిపోయాడు. గొట్టాల మీదికి వంగి చూస్తున్నాడు. “ఏ డబ్బాలో కలిపారు దీన్ని? ఇంత నున్నటి నీలం నా చేతుల్లో జన్మలో రాలేదు. ఏది నాది?”

“ముట్టుకోకు బాబాయ్.”

ఒక్కొక్కటీ రంగు కొలిచే యంత్రంలో పెట్టి అంకెలు తీసుకున్నాను. లెక్క వేశాను. ఇంకోసారి వేశాను. అంకె మారలేదు.

నాన్నమ్మ మట్టిలో కాల్చినదాంట్లో కంటే కాల్చనిదాంట్లోనే భాస్వరం ఎక్కువుంది. తీసివేస్తే మైనస్ రెండువందల డెబ్భై వచ్చింది. బాబాయ్‌ది మైనస్ ముప్పై.

“మైనస్ భాస్వరమా?” అన్నాడు అగ్గిమామ, లేని కనుబొమలు ఇంకా పైకెత్తి. “ఇన్నేళ్లలో నేను వినలేదు.”

“ఉండదు మామా. మట్టిలో మైనస్ ఎలా ఉంటుంది?” అన్నాను. మేడంని అడుగుదామంటే ఆవిడ ఆ రోజు ఏదో మీటింగుకి వెళ్లింది.

బాబాయ్ మాత్రం గోడకానుకుని వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు. “మైనస్ ముప్పై పెద్దదా, మైనస్ రెండువందల డెబ్భై పెద్దదా?”

నేను అంకెలున్న కాగితం బోర్లించాను.

“ముప్పై! మౌనదేవీ, నాకూ లెక్కలొచ్చు! ముప్పయ్యే పెద్దది!”

ఆయన గెంతిన గెంతుకి బల్లమీద గొట్టాలన్నీ గలగలమన్నాయి.

దారంతా హారన్ కొడుతూనే ఉన్నాడు. అడ్డొచ్చినవాళ్లకి కాదు, సంతోషానికి. తడి సీటు మీద వెనక కూర్చుని “ఎక్కడో తప్పు జరిగింది బాబాయ్, నన్ను మళ్లీ చెయ్యనీ” అని నేను అంటుంటే, ఆయన “ఏంటీ? గాలికి వినపడట్లేదు!” అంటున్నాడు. ఎదురు వచ్చే ఆటోవాడి తిట్లు మాత్రం బాగానే వినపడ్డాయి, సమాధానం కూడా చెప్పాడు.

ఇంట్లో అడుగుపెడుతూనే దండోరా వేసినట్టు మొదలుపెట్టాడు. “మైనస్! మీ అత్తగారి మట్టి మైనస్!”

“అంటే?” అంది పిన్ని. “గొయ్యి మట్టికి పెట్టకపోగా మట్టిలోంచి లాక్కుంటోందా?”

“అంతేగా మరి! ఇన్నాళ్లూ దొంగని మేపాం.”

నాన్నమ్మ బీరకాయ తొక్కు తీస్తోంది. చేతులు ఆపి నావైపు చూసింది.

“ఆ లెక్క నువ్వే చేశావా బుజ్జమ్మా?”

“నేనే చేశాను. కానీ నాన్నమ్మా, ఆ అంకె అసలు...”

“నువ్వు చేస్తే సరే.”

అంతే. పోట్లాడుతుందని, నా మీద అరుస్తుందని, కనీసం బాబాయ్ జేబులోని గుళికల సంగతి ఎత్తుతుందని చూశాను. ఏమీ లేదు. బీరకాయ తొక్కలన్నీ పళ్లెంలోకి ఎత్తుకుంది. పెరటివైపు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి వీధిగుమ్మం దగ్గరున్న చెత్తబుట్టలో వేసింది. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లలో ఆ బుట్టలోకి తొక్క పడటం అదే మొదటిసారి. బుట్టకే కొత్తగా ఉండుంటుంది.

బాబాయ్ కూడా అది చూశాడు. “పందెం పందెమే కదా,” అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

తెల్లవారి ఆదివారం. యథాప్రకారం పాలు మాడాయి. నేను గిన్నె పట్టుకుని కుళాయి దగ్గరికి వచ్చేసరికి నాన్నమ్మ చీర బొడ్లో దోపుకుని, పారతో గట్టు మీది మట్టిని గోతిలోకి లాగుతోంది. బాబాయ్ టేపు పట్టుకుని గుంజలు పాతే చోటు కొలుస్తున్నాడు. కొలిచిందే కొలుస్తున్నాడు.

“అమ్మా, నువ్వెందుకు? మనిషిని పిలుస్తానన్నానుగా.”

“నేను తవ్వింది నేనే పూడుస్తా. ఆ టేపు జరుపు, కాళ్లకి అడ్డొస్తోంది.”

గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను. నా లెక్క కాబట్టి ఆవిడ ఎదురు చెప్పలేదు. బాబాయ్ కూడా తన బస్తా మీది అక్షరాల్ని అంత గట్టిగా నమ్మలేదు.

గిన్నె గీకడం మొదలుపెట్టాను. గిన్నె లోపల పైన తెల్లగా, అడుగున ఎర్రగా, ఇంకా అడుగున నల్లగా ఉంది. కాలితే రంగు మారుతుంది. ఎంత కాలిందో రంగు చూసి చెప్పొచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు.

పీచు చేతిలోనే ఆగిపోయింది.

పాలకి మాత్రమేనా? నల్లమట్టిని కొలిమిలో పెడితే దాంట్లో నలుపంతా పోయి ఇటుకరంగుకి తిరుగుతుంది. కొలిమి పక్కన అలాంటి మట్టి పళ్లాలు ఎన్నోసార్లు చూశాను. నా నాలుగు సీసాల్లో మట్టిని మాత్రం నేను ఒక్కసారి కూడా చూడలేదు. నా దగ్గరికి వచ్చినవి తేటలు. నేను చూసింది చీటీలు.

“బాబాయ్! స్కూటర్ తియ్!”

ఆ అరుపు నాదే. పిన్ని గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నాన్నమ్మ పార వదిలేసింది. బాబాయ్ ఎందుకు, ఏమిటి అని అడగలేదు. నేను అరవడం ఆయన ఎన్నడూ వినలేదు కాబట్టి, ఇంటికి నిప్పంటుకుందనుకున్నాడేమో, టేపు మెడలో వేసుకుని స్కూటర్ ఎక్కేశాడు. సీటు కూడా తుడవలేదు.

అగ్గిమామ ల్యాబ్ వెనక గదిలోనే ఉంటాడు. నోట్లో బ్రష్షుతో తలుపు తీశాడు. నా చేతులకి మసి, బాబాయ్ మెడలో టేపు చూసి “ఎవరు పోయారు?” అన్నాడు నురగతో.

“మామా, సీసాలు కడిగేశారా?”

“ఆదివారం సీసాలు ఎవరు కడుగుతారు?”

నాలుగూ అలాగే ఉన్నాయి. అడుగున మట్టి అంటుకుని ఉంది. మూతలు తీసి కిటికీ వెలుతుర్లో వరసగా పెట్టాను. కానీ నా నోటితో చెప్పదలుచుకోలేదు. రంగులు బాగా తెలిసిన మనిషి పక్కనే ఉన్నాడు.

“బాబాయ్, చీటీలు చూడకు. లోపల చూసి రంగు చెప్పు.”

రంగు అడిగితే బాబాయ్ ఇంకేమీ ఆలోచించడు. ఒక కన్ను మూసి సీసాలోకి చూశాడు. “ఇది తడి ఇటుక. కొంచెం నారింజ కూడా తగిలింది.” రెండోది ఎత్తాడు. “ఇది టీ డికాక్షన్. చిక్కటిది.” మూడోది, “ఇదీ ఇటుకే, పాత ఇటుక.” నాలుగోది, “ఇది అట్టపెట్టె.”

“వీటిల్లో కొలిమిలో కాలినవి ఏవి?”

“ఇటుకలే! చిన్నపిల్లాడైనా చెప్తాడు.” గర్వంగా ఆ రెండు సీసాలూ ముందుకి జరిపాడు. “ఇదొకటి, ఇదొకటి. కాలకపోతే ఈ రంగు రానే రాదు, రాసిస్తా కావాలంటే.”

అప్పుడు సీసాల్ని తిప్పి చీటీలు ఆయన వైపు పెట్టాను. రెండు ఇటుకరంగు సీసాల మీదా నా చేతిరాతలో ‘కాల్చని’ అని ఉంది.

బాబాయ్ ఒక చీటీ మీద వేలు పెట్టి రుద్దాడు. అక్షరాలు చెరగలేదు.

“అదేంటి?” అన్నాడు అగ్గిమామ. బ్రష్షు తీసేసి చీటీకి ముక్కు ఆనించాడు. “ఇది ‘కాల్చిన’ కదూ?”

“కాదు మామా, ‘కాల్చని’.”

“ఏది? గుడి ఏది?”

చూస్తే నాకే నవ్వొచ్చింది. మా ఊరి బడిలో పంతులమ్మ నా పలక చూసి రోజూ అనేది, “అమ్మాయ్, అక్షరం ఒకచోట, గుడి ఒకచోట. నీ గుడులన్నీ పక్కవాళ్ల స్థలంలో కడతావేంటే?” అని. నా చేతిలో గుడి ఎప్పుడూ కుడివైపుకి జారుతుంది. ఆ రెండు మాటలకీ మధ్య ఉన్న తేడా ఆ గుడి ఒక్కటే. అది ‘ల’ మీద ఉంటే కాలినట్టు, ‘న’ మీద ఉంటే కాలనట్టు. నేను ‘ల’ మీద పెట్టాననుకున్న గుడి జారి ‘న’ నెత్తిన కూర్చుంది. నేను ‘న’ మీద పెట్టాననుకున్న గుడి ఇంకా జారి, మాట దాటిపోయి, చీటీ అంచున ఒంటరిగా నిలబడింది.

“ఇదిగో, దీని మీద గుడి కనపడింది, ‘కాల్చని’ అనుకున్నా,” అన్నాడు అగ్గిమామ. “రెండోదాని గుడి ఊరు దాటిపోయింది. అందుకని మిగిలింది ‘కాల్చిన’ అయ్యుండాలని కాలిన మట్టి అందులో పోశా. తప్పా?”

“తప్పు కాదు మామా. మీరు ఒకలా చదివారు, నేను ఇంకోలా చదివాను. ఇద్దరం నమ్మకంగానే చదివాం.”

ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుని పగలబడి నవ్వాం. ఆయన నోట్లో నురగ కిటికీ దాకా వెళ్లింది. బాబాయ్ మాత్రం నవ్వలేదు. ఆ రెండు సీసాల్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

“అంటే ఇప్పుడు...”

“అంకెలు అవే బాబాయ్. చీటీలే తారుమారు. తీసివేత తిరగేస్తే చాలు. నీది ప్లస్ ముప్పై. నాన్నమ్మది ప్లస్ రెండువందల డెబ్భై.”

“కావాలంటే మళ్లీ చెయ్యి. మళ్లీ మొదటి నుంచి చెయ్యి!”

“రేపు చేస్తాను. కానీ రంగు నువ్వే చెప్పావుగా. రాసిస్తానన్నావు కూడా.”

అగ్గిమామ అప్పటికే పాత చీటీలు పీకేసి కొత్తవి రాస్తున్నాడు. “ఇకనుంచి నా కొలిమి దగ్గర ఈ గుళ్లు, గోపురాలు వద్దు. కాలింది ‘మాడు’, కాలనిది ‘పచ్చి’. ఎంత జారినా ఒకటి ఇంకోటి అవ్వదు.”

దారంతా బాబాయ్ హారన్ కొట్టలేదు. మాటలు మాత్రం ఆపలేదు. “ఎక్కడో ఒక గుడి జారితే ఇక్కడ నా షెడ్డు కూలాలా? ఏం న్యాయమే ఇది? అక్షరాలు సరిగ్గా రాయనివాళ్లకి ఉద్యోగాలెలా ఇస్తున్నారు? ఇప్పుడు రెండు బకెట్లు అన్నానా, ఒకటి అన్నానా? ఒకటే అనుకుంటా. నీకేమైనా గుర్తుందా?”

“గాలికి వినపడట్లేదు బాబాయ్!” అన్నాను.

ఇంటికి వచ్చేసరికి గొయ్యి సగం పూడింది. నాన్నమ్మ పారకి ఆనుకుని అలుపు తీర్చుకుంటోంది. నేను పెరట్లోకి పరిగెత్తాను.

“నాన్నమ్మా, ప్లస్! మైనస్ కాదు, ప్లస్! నా గుడి జారింది!”

“పడ్డావా ఎక్కడైనా?” అంది నాన్నమ్మ కంగారుగా.

ఇటుకరంగు, టీ డికాక్షన్, ఊరు దాటిన గుడి అన్నీ కలిపి ఒకే ఊపిరిలో చెప్పాను. అన్ని మాటలు నా నోట్లోంచి ఒకేసారి రావడం చూసి పిన్ని నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. నాన్నమ్మ చివరిదాకా విని ఒక్క మాటే అడిగింది.

“ఈ లెక్కా నువ్వే చేశావా?”

“లెక్క నాది. రంగు బాబాయ్ చెప్పాడు.”

“నీ మైనస్‌ని నమ్మినదాన్ని, ప్లస్‌ని నమ్మనా?” అని పార తిరగేసి పట్టుకుంది. ఇంతసేపూ లోపలికి లాగిన మట్టిని బయటికి తోడటం మొదలుపెట్టింది. రెండు పారలు తోడేసరికి సన్నగా ఆవిరి లేచింది.

“అయ్యో అత్తయ్యా, బతికే ఉంది!” అని పిన్ని కేక వేసింది. ముగ్గురం గోతి చుట్టూ నిలబడి ఎందుకో తెలీకుండానే నవ్వుతున్నాం. పిన్ని పైటతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది, నేను పొట్ట పట్టుకుని నవ్వాను, నాన్నమ్మ నవ్వాపుకోలేక పార మీద వాలిపోయింది.

అవతల బాబాయ్ మెడలో టేపుతో నిలబడి ఉన్నాడు. నాన్నమ్మ నవ్వుతూనే లోపలికి వెళ్లి తన చిన్న బకెట్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. కాసేపు ఆలోచించి మళ్లీ వెళ్లింది. ఈసారి నీళ్లు తోడుకునే పెద్ద బకెట్ తెచ్చి దాని పక్కన పెట్టింది.

“రెండు అన్నావురా,” అంది.

బాబాయ్ పిన్ని వైపు చూశాడు. పిన్ని సాక్షి కదా, రెండు వేళ్లు చూపించింది. ఆ తర్వాత “లోపలి కాయలు కూడా” అని గుర్తు చేసింది. బాబాయ్ నా వైపు చూశాడు. నేను మాడిన గిన్నె తీసుకుని కుళాయి దగ్గర కూర్చున్నాను.

ఆయన మెడలో టేపు తీసి దండెం మీద వేశాడు. గుడ్డతో సీటు మీద నీళ్లు పిండాడు. చిన్న బకెట్‌ని ఎడమ హ్యాండిల్‌కి, పెద్ద బకెట్‌ని కుడి హ్యాండిల్‌కి తగిలించాడు. స్కూటర్ స్టాండు తీసి, రెండు బకెట్లూ గేటుకి తగిలి డబడబా మోగుతుండగా, బజారు వైపు వెళ్లిపోయాడు.